పదికి ఎంత నొప్పి? ఆపరేషన్ తర్వాత మందుకీ గడియారానికీ మధ్య నర్సు చేసే పని

మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ అయిన మర్నాడు ఉదయం, చెన్నైలోని ఒక ఆసుపత్రి గదిలో మా అమ్మ మంచం మీద ఆనుకుని కూర్చుని కాఫీ తాగుతోంది. అప్పుడే డ్యూటీలోకి వచ్చిన నర్సు వచ్చీరాని తెలుగులో "అమ్మా, నొప్పి పదికి ఎంత?" అని అడిగింది. అమ్మ ఏమాత్రం తడుముకోకుండా "తొమ్మిది" అంది. ఇంజెక్షన్ తేవడానికి వెనక్కి తిరిగిన నర్సు గుమ్మం దగ్గర ఆగిపోయింది. కాఫీ చల్లారిందని నన్ను విసుక్కుంటున్న మనిషికి తొమ్మిది పాళ్ల నొప్పి ఎలా ఉంటుందని ఆమెకు అనుమానం వచ్చినట్టుంది. "అమ్మా, పది అంటే మంచిదా, చెడ్డదా?" అని మళ్లీ అడిగింది. ముప్ఫై ఏళ్లు బడిలో పేపర్లు దిద్దిన మా అమ్మకు పదికి తొమ్మిది అంటే మంచి మార్కు. తనకు బాగానే ఉందని చెప్పాననుకుంది. మధ్యాహ్నం ఫిజియోథెరపిస్టు వచ్చి మోకాలు వంచినప్పుడు మాత్రం పళ్లు బిగబట్టి "ఎనిమిది" అంది. అది నిజమైన ఎనిమిది.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఆపరేషన్ కోసం చెన్నై వచ్చే తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. సెంట్రల్ స్టేషన్ ఎదుటి ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల ప్రైవేటు ఆసుపత్రుల్లోనైనా, రోగి వెంట ఉన్నవారి నోట ఒకదానికొకటి పొసగని రెండు ఫిర్యాదులు వినిపిస్తుంటాయి. ఒకటి, "నొప్పి అని మొత్తుకుంటున్నా ఇంకా టైం అవలేదంటున్నారు" అని. రెండోది, "నొప్పి లేదన్నా వినకుండా మందు ఎక్కిస్తున్నారు" అని. ఈ రెండింటినీ విప్పి చూస్తే లోపల ఉండేవి అవే: డాక్టరు రాసిన ఆర్డరు, మందు పనిచేసే వేళ, నొప్పిని కొలిచే పద్ధతి, శ్వాస మీద పెట్టవలసిన కన్ను.

కోత నొప్పి ఎక్కడ పుడుతుంది, ఎన్ని తీరులుగా ఉంటుంది

చర్మం, కండరం, ఎముక తెగినప్పుడు దెబ్బతిన్న కణజాలంలో ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాలు తయారై అక్కడి నాడుల కొసలను రేపుతాయి. ఆ కబురు నాడుల వెంట వెన్నుపాముకూ, అక్కడి నుంచి మెదడుకూ చేరాకే మనకు నొప్పిగా తెలుస్తుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డుకట్ట వేస్తామన్నదాన్ని బట్టి మందు మారుతుంది. డైక్లోఫెనాక్ వంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తాయి. నాడి దగ్గర ఇచ్చే మత్తుమందు కబురు ముందుకు పోకుండా ఆపుతుంది. మార్ఫిన్ జాతి మందులు వెన్నుపాములోనూ మెదడులోనూ దాని తీవ్రతను తగ్గిస్తాయి. ఒకసారి బాగా రేగిన నాడులు ఆ తర్వాత చిన్న తాకిడికే పెద్ద నొప్పిని చూపిస్తాయి కనుక, నొప్పి ముదిరాక తగ్గించడం కన్నా ముదరకుండా చూడడం తేలిక.

తీరు విషయంలో తెలుగులో ఉన్న మాటలు నర్సుకు నిజంగా పనికొస్తాయి. కోత దగ్గర మంట, పోటు అంటే పైపై గాయం మాట్లాడుతోందన్నమాట. కడుపులో పట్టేసినట్టు, మెలిపెట్టినట్టు ఉందంటే లోపలి అవయవం నుంచి వస్తోంది. కరెంటు కొట్టినట్టు, చీమలు పాకినట్టు, తిమ్మిరిగా మండుతున్నట్టు అంటే నాడి నలిగి ఉండవచ్చు. నాడి నొప్పికి మామూలు మందులు అంతగా లొంగవు. "నొప్పిగా ఉంది", "నొప్పులు వస్తున్నాయి" అన్న రెండు మాటలకు మన దగ్గర ఎంత తేడా ఉందో ప్రసూతి వార్డులో పనిచేసే తమిళ నర్సులకు మొదటి వారంలోనే తెలిసిపోతుందట.

పిత్తాశయాన్ని చిన్న రంధ్రాల ద్వారా తీసే లాప్రోస్కోపీ తర్వాత చాలామందికి కడుపు కన్నా భుజం ఎక్కువ నొస్తుంది. గుండెకేమైనా అయిందేమోనని ఇంటివాళ్లు హడలిపోతారు. ఆపరేషన్ కోసం పొట్టలోకి నింపిన కార్బన్ డయాక్సైడ్ ఛాతీకీ కడుపుకీ మధ్య పొరలా ఉండే ఉదరవితానాన్ని రేపుతుంది. ఆ పొరకూ భుజానికీ వెళ్లే నాడులు వెన్నుపాములో ఒకే చోట కలుస్తాయి కనుక, మెదడు ఆ నొప్పిని భుజానిదిగా పొరబడుతుంది. అయినా నర్సు దాన్ని విని "గ్యాసే లెండి" అనేసి వెళ్లిపోకూడదు. నాడి కొట్టుకునే వేగం, రక్తపోటు, చెమటలు చూసి గుండె నొప్పి కాదని తేల్చుకున్నాకే ఆ మాట అనాలి.

నొప్పిని ఓర్చుకుంటే పోయేదేముంది అనేవాళ్లు ఇంటికొకరుంటారు. పొట్ట కోసిన మనిషి నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయడు, దగ్గడు. కఫం ఊపిరితిత్తుల అడుగున పేరుకుని న్యుమోనియాకు దారితీస్తుంది. మంచం దిగకపోతే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. గుండె వేగం, రక్తపోటు ఎక్కువవుతాయి. కొందరిలో నయంకాని మొదటి రోజుల తీవ్ర నొప్పి నెలల తరబడి వదలని నొప్పిగా మిగలడం కూడా వైద్యులు గమనించినదే.

రాసేది ఎవరు, ఇచ్చేది ఎవరు

మన ఆసుపత్రుల్లో మందు రాసేది సర్జనో, మత్తు డాక్టరో, డ్యూటీ డాక్టరో. నర్సు ఆ ఆర్డరు ప్రకారం ఇస్తుంది. ఆర్డరులో మందు పేరు, మోతాదు, ఏ దారిన ఇవ్వాలి, ఎన్ని గంటలకోసారి ఇవ్వాలి అన్నవి ఉంటాయి. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి నొప్పి ఉన్నా లేకున్నా వేళ ప్రకారం ఇచ్చేది. రెండోది కేస్‌షీటులో "ఎస్.ఓ.ఎస్." అని రాసేది. ఇది మునిగే ఓడ పంపే కేక కాదు, "అవసరమైతే" అన్న అర్థం వచ్చే లాటిన్ మాటలకు పొట్టి రూపం. అవసరం పడిందా లేదా అని తేల్చే బాధ్యతను ఈ మూడక్షరాలు పూర్తిగా నర్సు మీద పెడతాయి. "50 నుంచి 100 మిల్లీగ్రాములు" అని రాసినప్పుడు ఎంత ఇవ్వాలన్నదీ ఆమె నిర్ణయమే అవుతుంది.

"ఇంకా టైం అవలేదు" అన్న జవాబు ఇక్కడి నుంచే వస్తుంది. ఆరు గంటలకోసారి అని రాసిన మందును నాలుగో గంటలో ఇచ్చే అధికారం నర్సుకు లేదు. ఇచ్చి ఏదైనా జరిగితే రోగికీ ప్రమాదమే, ఆమెకూ ప్రమాదమే. అయితే ఈ జవాబు సగం పని మాత్రమేనని నా అభిప్రాయం. ఇచ్చిన మందు చాలలేదని తెలిసినప్పుడు డ్యూటీ డాక్టరుకు కబురు పెట్టి, మోతాదు మార్చడమో మరో మందు చేర్చడమో అడగడం మిగతా సగం. ఫోనులో ఆర్డరు ఇస్తే దాన్ని రాసుకుని, తిరిగి డాక్టరుకే చదివి వినిపించి, అవునన్నాకే మందు తీస్తారు. పదిహేనుకూ యాభైకీ ఇంగ్లీషులో ఉచ్చారణ ఎంత దగ్గరో తెలిసినవాళ్లెవరూ ఈ పద్ధతిని చాదస్తం అనరు.

సూది ఎత్తే ముందు నర్సు చేయవలసిన మరో పని ఉంది. నొప్పి కొన్నిసార్లు కోత గురించి కాక మరో సంగతి గురించి చెబుతుంటుంది. వెన్నులో మత్తు ఇచ్చిన తర్వాత కొందరికి మూత్రం ఆగిపోతుంది. పొత్తికడుపు ఉబ్బి, రోగి మెలికలు తిరుగుతుంటే అతనికి కావలసింది మార్ఫిన్ కాదు, గొట్టం వేసి మూత్రం తీయడం. కాలికి వేసిన కట్టు బిగుసుకుని వేళ్లు చల్లబడి, వేలు కదిపితే ప్రాణం పోయేంత నొప్పిగా ఉందంటే అది గంటల్లో కాలును పోగొట్టే పరిస్థితి కావచ్చు. మందుతో దాన్ని కప్పేస్తే ప్రమాద ఘంట మోగకుండా గుడ్డ కుక్కినట్టే.

కంటికి కనబడని దాన్ని కొలవడం

నొప్పికి థర్మామీటరు లేదు. అమెరికన్ నర్సు మార్గో మెకాఫ్రీ 1968లోనే, నొప్పి అంటే అనుభవిస్తున్న మనిషి ఏది చెబితే అదేనని, ఉందని అతను ఎప్పుడంటే అప్పుడు ఉన్నట్టేనని నిర్వచించింది. నొప్పి అధ్యయనానికి ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 1979లో ఇచ్చిన తన నిర్వచనాన్ని 2020లో సవరిస్తూ, నోటితో చెప్పడం నొప్పిని తెలిపే దారుల్లో ఒకటి మాత్రమేనని, చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేనట్టు కాదని స్పష్టం చేసింది. తమిళనాట తెలుగు రోగి విషయంలో ఈ రెండో మాట బరువు మరింత బాగా తెలుస్తుంది.

వార్డుల్లో ఎక్కువగా వాడేది సున్నా నుంచి పది అంకెల కొలత. సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే ఊహకందే నొప్పుల్లో అతి పెద్దది. మూడు దాకా స్వల్పం, నాలుగు నుంచి ఆరు మధ్యస్థం, ఏడు ఆపైన తీవ్రం అని సుమారుగా లెక్కిస్తారు. అంకెలు రానివారికీ, చిన్నపిల్లలకూ నవ్వు ముఖం నుంచి కన్నీటి ముఖం దాకా ఆరు బొమ్మలున్న పట్టీ చూపిస్తారు. దాన్ని 1980లలో డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్ అనే సహచరురాలు పిల్లలతో పనిచేస్తూ తయారు చేశారు. మాటలే రాని పసివాళ్ల విషయంలో ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఎత్తుకుంటే ఊరుకోవడం అనే ఐదింటిని గమనించి, ఒక్కోదానికి సున్నా నుంచి రెండు వేసి మొత్తం పదికి లెక్కిస్తారు.

ఆ అంకె వెనుక ఉండవలసిన రెండో ప్రశ్న "కదిలితే ఎంత?" అన్నది. వెల్లకిలా కదలకుండా పడుకున్న మనిషి రెండు అంటే సంబరపడనక్కర్లేదు. దగ్గమంటే ఏడు అన్నాడంటే అతను రేపు కూడా దగ్గడు. అందుకే జాగ్రత్తగా రాసే చార్టులో పడుకున్నప్పటి అంకె, కదిలినప్పటి అంకె అని రెండు గడులుంటాయి.

ఇక భాష. చెన్నై వార్డులో నర్సు తమిళురాలు కావచ్చు, మలయాళీ కావచ్చు. తమిళంలో నొప్పిని "వలి" అంటారు. "వలిక్కుదా పాట్టి?" (నొప్పిగా ఉందా, అవ్వా?) అని నర్సు ఆప్యాయంగా అడిగితే సూళ్లూరుపేట పెద్దావిడకు ఇట్టే అర్థమవుతుంది గానీ, కడప నుంచి వచ్చినావిడ బిక్కమొహం వేస్తుంది. (పాత తెలుగులో వలి అంటే చలి. ఆపరేషన్ థియేటరు నుంచి వణుకుతూ వచ్చే రోగికి ఆ అర్థమూ సరిపోతుందనుకోండి.) ఇంటివాళ్లు దుబాసీలుగా మారినప్పుడు మరో చిక్కు వస్తుంది. తండ్రి "సలుపుతోందిరా, అంత లేదులే" అంటే కొడుకు భయపడి "చాలా నొప్పట" అంటాడు. అత్తగారు మూలుగుతుంటే "ఆవిడకు అన్నీ ఎక్కువే" అని తేల్చేసే కోడలూ ఉంటుంది. రోగి పెద్దవారైతే నర్సును ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక "ఫర్వాలేదమ్మా" అంటారు. ఆ మాట విన్నప్పుడు అనుభవమున్న నర్సు దుప్పటిని పట్టుకున్న పిడికిలి వంక చూస్తుంది. అంకెలు నచ్చని ముసలివాళ్లకు "రూపాయిలో ఎంత? పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా?" అని అడిగితే తడుముకోకుండా చెబుతారు. మా అమ్మమ్మకైతే ఈ కొలతే సరిపోయేది.

ఒక్కటే పెద్ద మోతాదు కాక, నాలుగు చిన్నవి

క్యాన్సర్ నొప్పి కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో మూడు మెట్ల నిచ్చెనను చూపించింది. పారాసెటమాల్ వంటి వాటితో మొదలుపెట్టి, చాలకపోతే బలహీనమైన ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి మందు), అదీ చాలకపోతే మార్ఫిన్. ఆపరేషన్ నొప్పి దీనికి తలకిందులు. మొదటి రోజే పతాకస్థాయిలో ఉండి రోజురోజుకీ తగ్గుతుంది కనుక ఇక్కడ నిచ్చెన పైనుంచి దిగుతాం. డెన్మార్కు సర్జన్ హెన్రిక్ కెలెట్ తన సహచరుడితో కలిసి 1993లో రాసిన వ్యాసం తర్వాత బాగా ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఏమిటంటే, వేర్వేరు చోట్ల పనిచేసే మందులను కొంచెం కొంచెంగా కలిపి ఇవ్వడం. అప్పుడు మార్ఫిన్ జాతి మందు తక్కువతో సరిపోతుంది, దానితో వచ్చే వాంతులు, మలబద్ధకం, మత్తు కూడా తగ్గుతాయి.

ఈ కలయికకు ఆధారం పారాసెటమాల్. దీన్ని ఎవరూ పెద్ద మందుగా లెక్కచేయరు కాబట్టే లెక్క తప్పేది కూడా ఇక్కడే. పెద్దవారికి 1 గ్రాము చొప్పున ఆరు గంటలకోసారి, రోజుకు 4 గ్రాములు మించకుండా అన్నది అందరికీ తెలిసిన లెక్క. ఇది 50 కిలోలు దాటినవారికి. ఇప్పుడు 42 కిలోల పెద్దావిడ ఒకరున్నారనుకుందాం. సెలైన్ దారిన ఇచ్చేటప్పుడు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఆమెకు ఒక్కసారికి ఇవ్వవలసింది 630 మిల్లీగ్రాములు, రోజు మొత్తానికి కిలోకు 60 చొప్పున 2,520. వంద మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 1,000. సీసా తగిలించి మొత్తం ఎక్కించేస్తే ప్రతిసారీ ఒకటిన్నర రెట్లు పైగా వెళుతుంది. అంటే 63 మిల్లీలీటర్ల దగ్గర ఆపాలి. బరువు చూడకుండా ఈ లెక్క కుదరదు.

రెండో లెక్క. 70 కిలోల మనిషికి నాలుగు సీసాలు, అంటే 4,000 మిల్లీగ్రాములు వెళ్లాయి. సర్జన్ రౌండ్సులో ట్రమడాల్ (ఇదీ ఓపియాయిడే), పారాసెటమాల్ కలిసిన మాత్ర రోజుకు మూడు రాశారు. ఒక్కో మాత్రలో ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములతో పాటు పారాసెటమాల్ 325 ఉంటుంది. అది మరో 975. సాయంత్రం ఒళ్లు వెచ్చగా ఉందని ఇంటి నుంచి తెచ్చిన డోలో 650 ఒకటి అక్కయ్య వేసేసింది. మొత్తం 5,625. ముగ్గురూ మంచి ఉద్దేశంతోనే ఇచ్చారు, భారం మాత్రం ఒకే కాలేయం మీద పడింది. "బయటి మందులు ఏమైనా వేశారా?" అని నర్సు పదేపదే అడిగేది ఇందుకే. అది ఇంటివాళ్ల మీద అనుమానం కాదు.

డైక్లోఫెనాక్, కెటోరోలాక్ వంటివి ఎముక, పంటి, కీళ్ల ఆపరేషన్ల తర్వాత బాగా పనిచేస్తాయి. వాటికి మూత్రపిండాలు, కడుపు పుండ్లు, రక్తస్రావం అనే మూడు హద్దులున్నాయి. గుండె బైపాస్ అయినవారికి ఇవ్వరు. కెటోరోలాక్‌ను ఐదు రోజులకు మించి వాడరు. మూత్రం సంచిలో రాత్రంతా చేరింది కొద్దిగానే అని గమనించిన నర్సు, ఆర్డరు ఉన్నా సరే, ఇంజెక్షన్ ఆపి డాక్టరును అడిగితే అది ధిక్కారం కాదు. ట్రమడాల్ మన వార్డుల్లో విరివిగా వాడతారు. వికారం, తల తిరగడం మామూలే. మూర్ఛ ఉన్నవారిలోనూ, డిప్రెషన్‌కు కొన్ని రకాల మందులు వాడుతున్నవారిలోనూ అది చిక్కు తెస్తుంది. డిప్రెషన్ మందు సంగతి నలుగురిలో చెప్పడానికి మనవాళ్లు సిగ్గుపడతారు కనుక, ఆ ప్రశ్నను బంధువులు బయటికి వెళ్లాక అడిగే నర్సు తెలివైనది.

మార్ఫిన్, ఫెంటానిల్ విషయంలో పొరపాటుకు చోటు మరీ తక్కువ. మార్ఫిన్‌ను మిల్లీగ్రాముల్లో, ఫెంటానిల్‌ను అందులో వెయ్యో వంతైన మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. సుమారుగా 100 మైక్రోగ్రాముల ఫెంటానిల్ 10 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానం. సిరలోకి మార్ఫిన్ ఇచ్చేటప్పుడు 10 మిల్లీగ్రాములను పది మిల్లీలీటర్లకు పలచన చేస్తే, మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము అని లెక్క తేలికవుతుంది. అందులోంచి రెండు ఇచ్చి, ఆగి, చూసి, చాలకపోతే మరో రెండు. ఆగడం ఎందుకంటే, సిరలోకి వెళ్లిన మార్ఫిన్ పూర్తి ప్రభావం కనిపించడానికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. ఐదో నిమిషంలో "ఇంకా తగ్గలేదు" అని మళ్లీ ఇస్తే, రెండు మోతాదులూ కలిసి ఒకేసారి కమ్ముకుంటాయి.

మొదటి రాత్రి

ఒకాయనకు మోకాలి ఆపరేషన్ ఉదయం 9 గంటలకు. వెన్నులో మత్తుతో పాటు తొడ దగ్గర నాడికి కూడా మత్తు ఇచ్చారనుకుందాం. మధ్యాహ్నానికల్లా వెన్నుమత్తు దిగి పాదం కదులుతుంది. నాడి మత్తు మాత్రం రాత్రి దాకా ఉంటుంది. సాయంత్రం చూడవచ్చినవాళ్లతో రోగి కబుర్లు చెబుతాడు. ఎనిమిదింటికి నర్సు మాత్ర తెస్తే "నొప్పే లేదు, ఎందుకమ్మా, వేడి చేస్తుంది" అని పక్కన పెడతాడు. కేస్‌షీటులో "రోగి నిరాకరించాడు" అని నమోదవుతుంది.

పదకొండున్నరకు నాడి మత్తు దిగుతుంది. అప్పుడు మొదలయ్యే నొప్పికి ఒంట్లో ఎదురునిలిచే మందు ఏదీ లేదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అన్నీ అప్పుడు మొదలుపెట్టాలి. మాత్ర వేస్తే పనిచేయడానికి అరగంట నుంచి గంట. బంధువు పరుగెత్తుకుని నర్సుల బల్ల దగ్గరకు వస్తాడు. నర్సు సూది తీసుకుని కాక బీపీ యంత్రం తీసుకుని రావడం చూసి అతనికి ఒళ్లు మండుతుంది. ఆమె పాదం వెచ్చగా ఉందా, వేళ్లు కదులుతున్నాయా, కట్టు తడిసిందా, పొత్తికడుపు ఉబ్బిందా చూస్తుంది. అంకె అడుగుతుంది, ఎనిమిది. సాయంత్రం ఆరింటికి ఎక్కించిన పారాసెటమాల్ మళ్లీ పన్నెండింటికి ఉంది. ఎస్.ఓ.ఎస్. గా రాసిన ట్రమడాల్‌ను వంద మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి మెల్లగా మొదలుపెడుతుంది, ఒక్కసారిగా తోస్తే వాంతి గ్యారంటీ కనుక. డ్యూటీ డాక్టరుకు ఫోను చేస్తుంది. పన్నెండింటికి పారాసెటమాల్, మోకాలి మీద ఐస్ ప్యాక్. పన్నెండున్నరకు ఐదు. ఒంటిగంటకు మూడు, కునుకు పట్టింది, నిమిషానికి శ్వాస పద్నాలుగు, పిలిస్తే కళ్లు తెరిచి జవాబిచ్చాడు.

ఈ చివరి వాక్యం రాయకపోతే పైన చేసినదంతా సగమే. మందు ఇచ్చినట్టు సంతకం చేయడం అందరూ చేస్తారు. సిర దారిన ఇస్తే పావుగంట, అరగంటలో, మాత్రైతే గంటలో తిరిగి వచ్చి "ఇప్పుడెంత?" అని అడగడమే రద్దీ వార్డులో ముందుగా జారిపోయే పని. అందులోనూ డ్యూటీ మారే వేళ మరీ. వెళ్లేవాళ్లు ఇచ్చామనుకుంటారు, వచ్చేవాళ్లు చూశారనుకుంటారు.

నిద్రకూ మత్తుకూ మధ్య గీత

ఓపియాయిడ్ మందులతో అసలు భయం శ్వాస మందగించడం. అది ఉన్నట్టుండి రాదు, చాలావరకు ముందు మగత వస్తుంది. అందుకే క్రిస్ పసేరో అనే అమెరికన్ నర్సు పేరున ఉన్న కొలతలో మగతను అంచెలుగా విడదీశారు. మామూలు నిద్ర, పిలిస్తే లేచేది. పూర్తి మెలకువ. కొంచెం మగత, తేలికగా లేస్తాడు. మాట్లాడుతూ మధ్యలోనే జోగడం. పిలిచినా తట్టినా పలకకపోవడం. వీటిలో నాలుగో దశలోనే, అంటే వాక్యం సగంలో కళ్లు మూతపడే మనిషి దగ్గరే ఓపియాయిడ్ ఆపి డాక్టరును పిలవాలి. అలా జోగుతున్న మనిషి మధ్యమధ్య "అబ్బా" అని మూలుగుతుంటే ఇంటివాళ్లకు నొప్పి కనిపిస్తుంది, నర్సుకు మగత కనిపిస్తుంది. ఆమె ఇంజెక్షన్ ఇవ్వననడం కాఠిన్యంగా తోచే ఘట్టం ఇది. అప్పుడు పారాసెటమాలో, నాడి మత్తో వంటి మగత తేని దారి వెతకాలి గానీ మరో మోతాదు మార్ఫిన్ కాదు.

రక్తంలో ఆక్సిజన్ చూసేందుకు వేలికి తగిలించిన క్లిప్పు 98 చూపిస్తోంది కదా అనే ధైర్యం కూడా కొంతవరకే. ముక్కు దగ్గర ఆక్సిజన్ పెట్టిన మనిషిలో శ్వాస బాగా తగ్గాక కూడా ఆ అంకె కొంతసేపు నిలకడగానే ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెరుగుతుంటుంది. ఛాతీ లేచి దిగడాన్ని నిండు నిమిషం లెక్కపెట్టడానికి ఏ క్లిప్పూ సాటిరాదు. గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగే అలవాటున్నవారు, వయసు మళ్లినవారు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, నిద్రమాత్ర కూడా పడినవారు మరింత జాగ్రత్తగా చూడవలసినవారు. మందు ఎక్కువైతే విరుగుడుగా నలాక్సోన్ ఉంది. అది మార్ఫిన్ కన్నా ముందే దిగిపోతుంది కనుక, లేచి కూర్చున్న రోగి గంట తర్వాత మళ్లీ మగతలోకి జారవచ్చు. ప్రమాదం గడిచిందని అతన్ని వదిలి వెళ్లడానికి లేదు.

శ్వాస మందగించే ముందు మగత వస్తుందన్న సూత్రాన్నే రోగి చేతికే మీట ఇచ్చే పంపులు వాడుకుంటాయి. నొక్కితే ఒక మిల్లీగ్రాము మార్ఫిన్ వెళ్లి, తర్వాత ఆరు నిమిషాలు ఎంత నొక్కినా ఇవ్వకుండా అమర్చారనుకుందాం. కాగితం మీద గంటకు పది మిల్లీగ్రాముల దాకా వెళ్లవచ్చు. నిజానికి అంత వెళ్లదు, మగత వచ్చిన మనిషి వేలు మీట నొక్కదు. పంపుకున్న పెద్ద కాపలా ఆ నిద్రే. పక్కన కూర్చున్న కూతురు "పాపం నాన్న పడుకున్నారు, నొప్పి రాకుండా నొక్కుదాం" అనుకుంటే ఆ కాపలా తొలగిపోతుంది. ప్రేమతో చేసినా ఇది ప్రాణాపాయం. వీపులో సన్నని గొట్టం ద్వారా ఇచ్చే ఎపిడ్యూరల్‌కు వేరే జాగ్రత్తలున్నాయి. రక్తపోటు పడిపోవడం, కాళ్లు మరీ బరువెక్కడం చూస్తారు. తగ్గుతుందనుకున్న బరువు పెరుగుతుంటే వెన్నుపాము దగ్గర రక్తం చేరుతోందేమోనని వెంటనే డాక్టరును పిలుస్తారు.

తాళం వేసిన అలమారా

మార్ఫిన్ కావాలనగానే నర్సు తెచ్చి ఇవ్వలేకపోవడానికి చట్టం కూడా ఒక కారణం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దుర్వినియోగాన్ని అరికట్టడానికి వచ్చింది. దాని లైసెన్సుల చిక్కులతో చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. 2014 సవరణతో, ఆ తర్వాత వచ్చిన నిబంధనలతో మార్ఫిన్, ఫెంటానిల్ సహా ఆరు మందులను అత్యావశ్యక మాదక ఔషధాలుగా గుర్తించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు దారి సులువు చేశారు. 2018లో ట్రమడాల్‌ను కూడా ఈ చట్టం పరిధిలోకి తెచ్చారు. వార్డులో దీని రూపం తాళం వేసిన అలమారా, ఇద్దరి సంతకాలు, రిజిస్టరు. 10 మిల్లీగ్రాముల మందున్న చిన్న గాజు ఆంప్యూల్‌లో రోగికి ఇచ్చింది నాలుగైతే, మిగిలిన ఆరూ సాక్షి ఎదుట పారబోసినట్టు రాసి, ఖాళీ ఆంప్యూల్‌ను తిరిగి అప్పగించాలి. రాత్రిపూట సంతకానికి రెండో మనిషి దొరక్క గడిచే పది నిమిషాలు రోగికి గంటలా ఉంటాయి.

ఇంకా తెగని వాదాలు

1990ల మధ్యలో అమెరికాలో నొప్పిని ఐదో ప్రాణసూచిగా, అంటే నాడి, రక్తపోటు, శ్వాస, జ్వరంతో సమానంగా ప్రతిసారీ కొలవాలన్న ఉద్యమం వచ్చింది. పట్టించుకోని నొప్పి అప్పుడు వెలుగులోకి వచ్చిన మాట నిజం. అంకెను ఎలాగైనా తగ్గించాలన్న ఒత్తిడిలో ఓపియాయిడ్లు అవసరానికి మించి వెళ్లాయన్న విమర్శా నిజమే. 2016లో అక్కడి వైద్యుల సంఘం ఆ నినాదాన్ని విరమించుకోవాలని తీర్మానించింది. ఆపరేషన్‌కు ముందు ఓపియాయిడ్లు వాడని అమెరికన్ రోగుల్లో సుమారు 6 శాతం మంది మూడు నెలల తర్వాత కూడా వాటిని కొనసాగిస్తున్నారని 2017లో ఒక పెద్ద అధ్యయనం చూపించింది. మన దగ్గర "అలవాటు పడిపోతాడు" అనేవాళ్లకు ఇది ఆధారంగా కనిపిస్తుంది. ఆ లెక్క ఇంటికి పంపేటప్పుడు రాసిచ్చిన మాత్రలకు సంబంధించినది. ఆసుపత్రిలో రెండు రోజులు కనిపెట్టుకుని ఇచ్చే మార్ఫిన్‌కు దాన్ని అంటగట్టలేం. వాళ్ల సమస్య మితిమీరిన వాడకం. మన దగ్గర చాలాచోట్ల ఇప్పటికీ సమస్య మందు అందకపోవడమే. ఒకరి పత్యం ఇంకొకరికి పనికిరాదు.

రెండో వాదం వేళ ప్రకారం ఇవ్వాలా, అడిగినప్పుడు ఇవ్వాలా అన్నది. వేళ ప్రకారం అయితే నొప్పి ముదరదు, అడగడానికి మొహమాటపడేవారికీ అందుతుంది. అడిగినప్పుడే అయితే అనవసరమైన మందు పడదు. పారాసెటమాల్ వంటివి వేళకు, ఓపియాయిడ్లు అవసరానికి అన్న మధ్యేమార్గం చాలాచోట్ల నడుస్తోంది, నాకూ అదే సబబుగా తోస్తుంది.

మూడోది అంకె మీదనే. నొప్పి ఎంత అని కాక, "దగ్గగలరా? లేచి బాత్రూముకు వెళ్లగలరా?" అని అడిగి, ఆ పని జరిగేటంత మందు ఇస్తే చాలునని కొందరంటారు. పని చేయగలిగినంత మాత్రాన బాధ లేనట్టా, పళ్లబిగువున నడిచేవారిని ఏం చేస్తారు అని మిగతావారి ప్రశ్న. మా అమ్మను చూసిన నర్సు రెండూ రాసింది. ఆ రాత్రి డ్యూటీకి వచ్చినావిడ చార్టు తిప్పుతుంటే పక్క నుంచి చూశాను. "పడుకుంటే 2, మోకాలు వంచితే 5, వాకర్‌తో తలుపు దాకా నడిచారు. ఈ రోగి మార్కులు వేస్తారు. పది అంటే చెడ్డదని చెప్పి అడగవలెను" అని ఉంది.